ఇంటిల్లిపాది పాట: మూడేండ్ల నుంచి ఎనిమిదేండ్ల పిల్లలకు ఇంట్లోనే సంగీతం నేర్పే పద్ధతి

బతుకమ్మ ఆడేటప్పుడు ఒకరు పాట ఎత్తుకుంటారు, మిగతావాళ్లు అందుకుంటారు. ఆ వలయంలో నాలుగేండ్ల పిల్ల కూడా ఉంటుంది. ఆ పిల్లకు చరణాలు రావు. కానీ "ఉయ్యాలో" దగ్గరికి వచ్చేసరికి అందరితో పాటు గొంతు కలుపుతుంది, చప్పట్లు తప్పదు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పింది కాదు. నల్లగొండలోనో పాలమూరులోనో పిల్లలకు ఇంట్లో సంగీతం నేర్పాలనుకునేవాళ్లు పాఠం ఎట్లా ఉండాలో వెతుక్కోనక్కర లేదు, అది వాకిట్లోనే ఉంది.

కింద చెప్పే వరుసంతా దాని మీద కట్టిందే. ముందు లయ ఒంటికి పట్టాలి. తర్వాత గొంతు శ్రుతికి, అంటే పాటకు ఆధారంగా పట్టుకున్న స్థాయికి, చేరాలి. స్వరాల పేర్లు ఆ తర్వాత. వాయిద్యం అన్నిటికంటే చివర. చాలా ఇండ్లలో దీన్ని తలకిందులు చేసి ముందు కీబోర్డు కొంటారు. వేళ్లు మెట్లు నొక్కడం నేర్చుకుంటాయి, చెవి మాత్రం అక్కడే ఉండిపోతుంది. ఆర్నెల్లకు కీబోర్డు అటక మీదికి పోతుంది, "మావాడికి సంగీతం ఎక్కలేదు" అన్న మాట మిగులుతుంది. ఎక్కకపోవడం కాదు, వరుస తప్పింది.

ఎంతసేపు, ఎవరెవరు

మూడు నాలుగేండ్ల పిల్లలకు రోజుకు 5 నుంచి 7 నిమిషాలు చాలు. ఐదారేండ్ల వాళ్లకు 10 నుంచి 12, ఏడెనిమిదేండ్ల వాళ్లకు 15 నుంచి 20. ఆదివారం ఒక్కరోజే గంటసేపు కూర్చోబెడితే ఏమీ నిలవదు, రోజూ కొంచెం కావాలి. మాపు స్నానమయ్యాక, అన్నానికి ముందు సమయం బాగా కుదురుతుంది. కడుపు నిండాక ఊపిరి లోపలిదాకా పోదు, పాట పైపైన వస్తుంది. పిల్లవాడు ఇంకా కావాలంటున్నప్పుడే ఆపేయండి, రేపటికి ఆకలి మిగలాలి.

నేల మీద చాప పరిచి గుండ్రంగా కూర్చోండి. ఎదురెదురుగా కూర్చుంటే బడి అయిపోతుంది. ప్రతి ఒక్కరికీ ఒక పని ఉండాలి: ఒకరు ఎత్తుకుంటారు, ఒకరు తాళం వేస్తారు, మిగతావాళ్లు అందుకుంటారు. "నాకు గొంతు లేదు" అనే నాయనకు తాళం ఇవ్వండి, తాతకు గంట ఇవ్వండి. ఇంట్లో మాట్లాడే భాషలోనే పాడండి. దేవరకొండ, అచ్చంపేట వైపు తండాల్లో లంబాడీల గోర్ బోలి భాషలో తీజ్ పండుగ పాటలున్నాయి, ఉర్దూ మాట్లాడే ఇండ్లలో జోలపాటలున్నాయి. పిల్లలకు అర్థమైన మాట నోట్లో త్వరగా నిలుస్తుంది.

మొదటి మెట్టు: లయ

మొదటి వారం పిల్లవాడు ఇంట్లో నడుస్తుంటే వెనక నడుస్తూ అతని అడుగుకు సరిగ్గా చప్పట్లు కొట్టండి. మీ చప్పట్లకు అతను నడవడం కాదు, అతని అడుగుకు మీరు కొట్టాలి. పిల్లల కాళ్లు పొట్టివి, అడుగు వేగం. నిమిషానికి 100 నుంచి 120 దెబ్బలు వాళ్లకు సహజం. గోడ గడియారం సెకండు ముల్లు ఒక్క టిక్కుకు రెండు చప్పట్లు కొడితే సరిగ్గా 120. పెద్దలు తమ నిదానపు వేగంలో మొదలుపెట్టి, పిల్లవాడు ముందుకు ఉరికితే "తాళం తప్పుతున్నావు" అంటారు. తప్పు పిల్లవాడిది కాదు, వేగం ఎంచినవాళ్లది.

రెండో వారం మారండి. ఇప్పుడు మీరు కొడతారు, పిల్లవాడు నడుస్తాడు. మీరు ఆపగానే అతను బొమ్మలాగా ఆగిపోవాలి. ఈ ఆగడంలోనే లయ ఉంది, ఎందుకంటే ఆగాలంటే చెవి పని చేయాలి. మూడో వారం కూర్చొని తొడ, చప్పట్లు, తొడ, చప్పట్లు. కుడి చేయి, ఎడమ చేయి మార్చి కొట్టడం ఐదేండ్ల లోపు రాకపోతే దిగులు వద్దు, రెండు చేతులూ కలిపే కొట్టనీయండి.

తర్వాత ఊళ్ల పేర్లు. ఇది పిల్లలకు ఎంత ఇష్టమో చూస్తే తెలుస్తుంది. ఒక్కో అక్షరానికి ఒక్కో దెబ్బ, అన్ని దెబ్బలూ సమానంగా ఉండాలి. పేరు పక్కన అదే లయలో పలికే తాళపు మాట, దాని పక్కన దెబ్బల లెక్క:

మక్తల్ – తక – 2
గద్వాల – తకిట – 3
నల్లగొండ – తకధిమి – 4
దేవరకొండ – తకతకిట – 5
గద్వాల నల్లగొండ – తకిట తకధిమి – 7

మక్తల్‌ను మక్, తల్ అని రెండుగా కొట్టండి. మొదటి అక్షరం మీద దెబ్బ గట్టిగా, మిగతావి మెల్లగా పడాలి. "నల్లగొండ నల్లగొండ నల్లగొండ" అని అంటూ "న" మీద మాత్రమే చప్పట్లు కొట్టడం వచ్చిందంటే పిల్లవాడు నాలుగు దెబ్బల ఆవర్తనాన్ని (తాళం ఒక చుట్టును) లోపల పట్టుకున్నట్టే. కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ ఎన్నెన్ని దెబ్బలో వాళ్లనే లెక్కపెట్టమనండి. బస్సులో పోతూ బోర్డులు చదివించి ఆడించొచ్చు. ఏడేండ్లు దాటిన వాళ్లుంటే అమ్మ "గద్వాల" అంటూ, అక్క "నల్లగొండ" అంటూ ఒకేసారి మొదలుపెట్టండి. నాలుగు గద్వాలలు, మూడు నల్లగొండలు అయ్యాక పన్నెండు దెబ్బలు పూర్తయి మళ్లీ ఇద్దరూ ఒకేచోట కలుస్తారు. ఆ కలిసే క్షణం కోసం పిల్లలు మళ్లీ మళ్లీ అడుగుతారు.

ఇక్కడ తప్పకుండా వచ్చే లోపం ఒకటుంది: వేగం పెరిగిపోవడం. పిల్లలకు ఖాళీ అంటే భయం, దాన్ని తొందరగా నింపేస్తారు. "మెల్లగా" అని అరిస్తే పని కాదు, ఖాళీకి ఒక పని ఇవ్వండి. "గద్వాల" మూడు దెబ్బలయ్యాక నాలుగో దెబ్బకు శబ్దం లేకుండా నెత్తి ముట్టుకోవాలి. చేయి పైకి పోయి వచ్చేలోపు ఖాళీ తన కాలం తాను తీసుకుంటుంది.

ఆది తాళం వేళ్లతో వేయడం ఆరేండ్లు నిండాకే. అంతకు ముందు వేళ్లు విడివిడిగా వంగవు. తాళంలో మొదటి భాగం లఘువు: ఒక దెబ్బ, తర్వాత చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు. తర్వాత రెండు చిన్న భాగాలు, ద్రుతాలు: దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. మొత్తం ఎనిమిది. చూపుడు వేలితో మొదలుపెట్టే అలవాటు పడితే తర్వాత మాన్పించడం కష్టం, మొదటి రోజే చిటికెన వేలికి ఒక బొట్టు పెట్టండి.

రెండో మెట్టు: గొంతు

మొదలుపెట్టే ముందు మాటలు సరిచేసుకోవాలి. "పైకి పాడు" అంటే చాలామంది పిల్లలు గట్టిగా అరుస్తారు, ఎందుకంటే వాళ్లకు పై స్థాయి, పెద్ద శబ్దం రెండూ ఒకటే. మన ఇండ్లలో దీనికి చక్కటి మాటలున్నాయి. సన్న బియ్యం, దొడ్డు బియ్యం పిల్లలకు తెలుసు. పై స్థాయిని సన్న గొంతు అనండి, కింది స్థాయిని దొడ్డు గొంతు అనండి. శబ్దానికి మాత్రం గట్టిగా, మెల్లగా అనే మాటలే వాడండి. పిచ్చుక గొంతు సన్నం, బర్రె గొంతు దొడ్డు. సన్నంగా మెల్లగా, సన్నంగా గట్టిగా, దొడ్డుగా మెల్లగా, దొడ్డుగా గట్టిగా అని నాలుగు రకాలూ పలికించండి. ఈ తేడా తెలిశాక పిల్లల అరుపు సగం దానంతట అదే తగ్గుతుంది.

తర్వాత పతంగి ఆట. చేయి నేల మీద నుంచి మెల్లగా పైకి లేపుతూ "ఊ..." అని గొంతును కూడా జారుస్తూ సన్నం చేయాలి, చేయి దిగుతుంటే దొడ్డు చేయాలి. మధ్యలో తెగకూడదు. మాట్లాడినట్టే ఒకే స్వరం మీద పాడే పిల్లలు చాలామంది ఉంటారు. వాళ్లకు చెవి లేదని తేల్చేయకండి. మాట్లాడే గొంతు ఒకటి, పాడే గొంతు ఒకటి ఉన్నాయని వాళ్లకింకా తెలియలేదు, అంతే. పాడే గొంతు ఎక్కడుందో పతంగి చూపిస్తుంది. రోజుకు ఐదారు సార్లు, మూడు వారాలు చేయించండి.

ఇక మొదటి స్వరాలు. వీధి చివర ఉన్న మనిషిని పిలిచేటప్పుడు "అక్కా..." అనే పిలుపు రెండు స్వరాల మీద జారుతుంది: "అక్" కొంచెం సన్నంగా, "కా" కొంచెం దొడ్డుగా. దాదాపు పంచమం (ప) నుంచి గాంధారానికి (గ) దిగడం ఇది. పిల్లలకు ఇంతకంటే తేలికైన స్వరాల జత లేదు, రోజూ నోట్లో ఉన్నదే. అన్నానికి పిలిచేటప్పుడు "బిడ్డా..." అని ఆ రెండు స్వరాల మీదే పిలవండి, "వస్తున్నా..." అని అదే బాణీలో జవాబు రావాలి. పాఠం అనే సంగతే వాళ్లకు తెలియదు.

అప్పుడు తంబూర, అంటే పాట కింద ఆగకుండా మోగే శ్రుతి. ఫోన్‌లో తంబూర యాప్ చాలు, డబ్బులు పెట్టి శ్రుతి పెట్టె కొననవసరం లేదు. ఫోన్ స్పీకర్‌లో మంద్ర (కింది స్థాయి) స్వరం సరిగ్గా వినిపించదు కాబట్టి చిన్న బ్లూటూత్ స్పీకర్‌కు కలపండి, శబ్దం ఇద్దరు మాట్లాడుకునేంత ఉంటే చాలు. ఫోన్‌ను బోర్లా పెట్టండి. తెర కనబడిందంటే చెవులు మూసుకుపోతాయి.

శ్రుతి ఎంత పెట్టాలి అన్నదే ఎక్కువమంది తప్పే చోటు. చిన్న పిల్లలకు 5, 5½, 6 శ్రుతులు, అంటే యాప్‌లో జి, జి షార్ప్, ఎ. పిల్లవాడితో స, పై స పాడించి చూడండి. కింది స ఊపిరిలో కలిసిపోయి వినిపించకపోతే అర శ్రుతి పెంచండి. పై స దగ్గర మెడ నరాలు లేచి అరుపైతే అర శ్రుతి దించండి. నాయన తన 1 శ్రుతిలో (యాప్‌లో సి) పాడి చూపిస్తే పిల్లవాడు ఆ దొడ్డు గొంతును అనుకరించబోయి గడ్డం ఛాతీకి ఆనించి మూలుగుతాడు. పిల్లవాడి స నాయన గొంతులో పై భాగంలోకి వస్తుంది. నాయన అక్కడే మెల్లగా స నుంచి ప దాకా పాడాలి, ఆ పైన అమ్మో నాయనమ్మో అందుకోవాలి.

శ్రుతి కలపడం ఇట్లా: తంబూర మోగుతుండగా మీరు "స..." అని నాలుగు దెబ్బలు పాడి ఆపండి. పిల్లవాడు నోరు మూసుకొని రెండు దెబ్బలు వినాలి. ఆ తర్వాతే పాడాలి. ఈ రెండు దెబ్బల మౌనాన్ని వదిలేయొద్దు. మీతో పాటే పాడితే తన గొంతు తనకు వినిపించదు, మీ గొంతు చాటున దాక్కుంటుంది. తప్పితే "తప్పు" అనకండి. అతను పాడిన స్వరానికే మీరు వెళ్లి కలవండి, అక్కడి నుంచి ఇద్దరూ కలిసి పతంగిలాగా జారుతూ స చేరండి.

మూడో మెట్టు: పాట అందుకోవడం, ఎత్తుకోవడం

బాణీ మీ ఇంట్లో పాడే ఏ ఉయ్యాల పాటదైనా సరే. మాటలు ఆ రోజు జరిగిన సంగతులతో మీరే కట్టండి:

పొద్దు పొద్దున లేచి ఉయ్యాలో
పండ్లు తోముకున్నం ఉయ్యాలో
పాలు పెరుగు బువ్వ ఉయ్యాలో
పసందుగ తిన్నం ఉయ్యాలో

మొదటి రెండు వారాలు పిల్లల వంతు "ఉయ్యాలో" మాత్రమే. తర్వాత రెండు వారాలు చరణం మొత్తం తిరిగి అనాలి. ఆ తర్వాత "పొద్దు పొద్దున లేచి" అని మీరు ఆపితే మిగిలింది వాళ్లు పూర్తి చేయాలి. చివరికి పిల్లవాడే ఎత్తుకుంటాడు, ఇల్లంతా అందుకుంటుంది. మాటలు అతనివే, కుక్కపిల్ల గురించైనా పల్లీల గురించైనా ఏదైనా సరే. అతను ఎత్తుకున్న శ్రుతి మీకు ఇబ్బందిగా ఉన్నా మార్చకండి, అతని శ్రుతిలోనే అందుకోండి. తన పాటను పది మంది అందుకున్నారన్న సంగతి పిల్లవాడి వెన్నెముక నిటారుగా చేస్తుంది.

పాడమంటే పాడకుండా గుడ్లప్పగించి చూసే పిల్లలు ఉంటారు. వాళ్లు నేర్చుకోవడం లేదనుకుంటే పొరపాటే. రెండు రోజుల తర్వాత మట్టిలో ఆడుకుంటూ ఆ పాటే పాడుతుంటారు. అప్పుడు చప్పట్లు కొట్టి మెచ్చుకోకండి, పక్క గదిలో నుంచి మెల్లగా "ఉయ్యాలో" అందుకోండి. చుట్టాలు వచ్చినప్పుడు "ఒక పాట పాడు బిడ్డా" అని నిలబెట్టడం మాత్రం ఎనిమిదేండ్ల దాకా వద్దు. పాట అంటే పరీక్ష అన్న సంగతి మనసులో పడితే గొంతు బిగుస్తుంది. చుట్టాలను కూడా వలయంలో కూర్చోబెడితే ఆ అవసరమే రాదు.

అన్నదమ్ములు అక్కచెల్లెండ్లు ఉన్న ఇంట్లో పెద్దవాళ్లు చిన్నవాళ్లను సరిదిద్దడం మొదలుపెడతారు, చిన్నవాళ్లు ముడుచుకుపోతారు. పెద్దవాళ్లకు తాళం బాధ్యత ఇవ్వండి, రెండు చేతులకూ పని ఉంటే నోటికి తీరిక ఉండదు.

స్వరాల పేర్లు

మూడు నాలుగు నెలలకు, పిలుపు జత శ్రుతిలో నిలిచాక, పేర్లు చెప్పండి. "అక్కా..."లో మొదటిది ప, రెండోది గ. రెండు వారాలు ప గ, ప గ ప మాత్రమే. తర్వాత ద కలపండి: ప ద ప గ. తర్వాత స: ప గ స. చివరగా రి: గ రి స, స రి గ. ఇట్లా మోహన రాగం స్వరాలు ఐదూ వచ్చేస్తాయి. వాటిల్లో అర స్వరం దూరాలు లేవు కాబట్టి గొంతు పక్క స్వరంలోకి జారదు. ఒక్కో స్వరానికి ఒంటి మీద ఒక చోటు ఇవ్వండి: స తొడ, రి నడుము, గ ఛాతీ, ప భుజం, ద నెత్తి, పై స చేతులు పైకి. మీరు నోరు విప్పకుండా చోటు ముట్టుకుంటే పిల్లలు ఆ స్వరం పాడాలి. తర్వాత వాళ్లు ముట్టుకుంటే మీరు పాడాలి, కావాలని ఒకటి తప్పు పాడండి. పట్టుకున్నారంటే చెవి వచ్చినట్టే.

సరళీ వరుసలు, అంటే కర్ణాటక సంగీతంలో మొదటి పాఠాలు, మాయామాళవగౌళ రాగంలో మొదలుపెట్టడం 16వ శతాబ్దపు పురందరదాసు వేసిన బాట అని సంప్రదాయం చెబుతుంది. అందులో స, రి దగ్గర దగ్గరగా, రి, గ దూరంగా, గ, మ మళ్లీ దగ్గరగా ఉంటాయి. ప నుంచి పై స దాకా కూడా అదే అల్లిక. గొంతుకు అది గొప్ప సాధన, కానీ శ్రుతి నిలవని ఐదేండ్ల పిల్లవాడు దాంట్లో రిని స చేసేస్తాడు. ఆరున్నర, ఏడేండ్లకు, మోహనం గట్టిపడ్డాక మొదలుపెట్టండి. మొదటి వరుస స రి గ మ | ప ద | ని స, తిరిగి స ని ద ప | మ గ | రి స. ఇంట్లో మొదటి కాలం (నిదానపు వేగం) చాలు. రెండో కాలానికి (రెట్టింపు వేగానికి) పోవాలంటే మొదటి కాలంలో, తాళం వేసే చేతిని చూడకుండా, నాలుగు ఆవర్తనాలు తప్పు లేకుండా రావాలి.

చేతిలోకి ఏం ఇవ్వాలి

అర లీటరు సీసాలు రెండు తీసుకోండి. ఒకదాంట్లో పది చింతగింజలు, ఇంకోదాంట్లో రెండు చెంచాల జొన్నలు వేయండి. చింతగింజల దెబ్బ విడిగా టక్కుమంటుంది, లయకు అదే మేలు. జొన్నలు వాన కురిసినట్టు జారతాయి. సీసా సగం దాకా నింపితే గింజలు కదలక శబ్దం చస్తుంది. మూతకు టేపు చుట్టండి, ఇంట్లో మూడేండ్ల లోపు పిల్లలుంటే ఇది తప్పనిసరి, గింజ గొంతులో ఇరుక్కుంటుంది.

ఒకే రకం గాజు గ్లాసులు మూడు పెట్టి నీళ్లతో గ, ప, ద చేయొచ్చు. నీళ్లు పోసేకొద్దీ స్వరం దొడ్డు అవుతుంది. సగం దాకా పోసినా పెద్దగా మారదు, అంచు దగ్గరికి వచ్చేటప్పుడు త్వరగా దిగుతుంది, ఎందుకంటే గ్లాసు ఎక్కువగా కంపించేది అంచు దగ్గరే. అందుకే పై సగంలో చెంచాతో కొలిచి పోయండి. కర్ర పెన్సిల్‌తో కొట్టాలి, స్టీలు చెంచాతో కొడితే గోల తప్ప స్వరం వినిపించదు.

కోలాటం కర్రలు పిల్లలకు అడుగు పొడవు చాలు. ఎదుటివాళ్ల కర్రకు కొట్టే ముందు నెల రోజులు తమ రెండు కర్రలే కొట్టుకోవాలి, లేకపోతే వేళ్లు నలుగుతాయి. డప్పు బరువు చిన్న భుజం మోయలేదు. కానీ సిర్ర, సిటికెన పుల్ల తేడా పాత సత్తు పళ్లెం మీద చూపించొచ్చు: కుడిచేతి దొడ్డు పుల్ల దెబ్బ వేస్తుంది, ఎడమచేతి సన్న పుల్ల మధ్యలో నింపుతుంది. డప్పును మంట దగ్గర కాపడం పిల్లలకు తప్పకుండా చూపించండి. చర్మం వేడికి బిగిసి స్వరం సన్నం కావడం వాళ్ల చెవులకే తెలుస్తుంది. దురాజ్‌పల్లి పెద్దగట్టుకో, చెర్వుగట్టుకో, కురుమూర్తికో జాతరకు పోయినప్పుడు డోళ్లు వినిపించండి కానీ డీజే పెట్టెల ముందు మాత్రం నిలబెట్టొద్దు, చిన్న చెవులు ఆ శబ్దానికి తట్టుకోవు.

మన జిల్లాల వాయిద్యాలు కూడా చూపించండి. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెర అనే తీగ వాయిద్యానికి 2022లో పద్మశ్రీ వచ్చింది. నారాయణపేట జిల్లా దామరగిద్ద దాసరి కొండప్ప బుర్రవీణకు 2024లో వచ్చింది. కిన్నెర వీడియో చూపించేటప్పుడు ముందు కళ్లు మూసుకొని వినమనండి, తర్వాత మెట్ల మీద వేళ్లు చూడమనండి. వేలు జరిగితే స్వరం సన్నం కావడం కళ్లారా చూసిన పిల్లవాడికి స్థాయి అంటే ఏమిటో వేరే చెప్పనక్కర లేదు.

గురువు దగ్గరికి ఎప్పుడు

తంబూర విని తనంతట తాను స పట్టుకోగలిగితే, ఎనిమిది దెబ్బల తాళం పాట ఆగినా ఆపకుండా వేయగలిగితే, పావుగంట కూర్చోగలిగితే పంపండి. సాధారణంగా ఇది ఏడేండ్ల ప్రాంతంలో వస్తుంది. మొదటి రోజు మీరూ కూర్చొని చూడండి. గురువు పిల్లవాడి శ్రుతి చూసి మారుస్తున్నారా, అందరికీ ఒకే శ్రుతిలో పాడిస్తున్నారా గమనించండి. అరిపించే చోట ఉంచకండి. గొంతు బొంగురు రెండు వారాలు దాటినా తగ్గకపోతే పాట ఆపి చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించండి.

ఇంటి వలయాన్ని మాత్రం ఆపొద్దు. నాయనమ్మ, అమ్మమ్మ పాటలు ఇప్పుడే రికార్డు చేసి పెట్టుకోండి. ఫ్యాన్ ఆపండి, పరుపులు బట్టలు ఉన్న గదిలో కూర్చోబెట్టండి, టైల్స్ గదిలో మాట మోగి చెదురుతుంది. ఫోన్ మూరెడు దూరంలో, మెత్తటి గుడ్డ మీద ఉండాలి. ముందుగా ఆమెనే చెప్పమనండి: ఈ పాట ఎవరి దగ్గర నేర్చుకుంది, ఎప్పుడు పాడేవాళ్లు, నాట్లప్పుడా, ఇసుర్రాయి దగ్గరా, పెండ్లిలోనా. ఒక్కో పాటకు ఒక్కో ఫైలు, పేరులో పాట మొదటి మాట, పాడినవాళ్ల వరస, సంవత్సరం. రికార్డు చేసేటప్పుడు పిల్లలు పక్కనే ఉండి "ఉయ్యాలో" అందుకోనీయండి. నాయనమ్మ ఒంటరిగా ఫోన్ ముందు పాడితే రెండు చరణాలకే ఆగిపోతుంది, అందుకునేవాళ్లుంటే మరిచిపోయాననుకున్న చరణాలు కూడా ఒక్కొక్కటే పైకి వస్తాయి.